నెలకు ముప్ఫై పేజీలే వేస్తున్నా కార్ట్రిడ్జ్ ఎందుకు ఖాళీ అవుతోంది?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో చిన్న ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. నెలకు ఇరవై ముప్ఫై పేజీలు, అవీ ఎక్కువగా నలుపే. తక్కువ ఇంకుతో పలచగా వేసే డ్రాఫ్ట్ మోడ్ పెట్టారు. కరెంటు దండగని పని కాగానే గోడ స్విచ్ కట్టేస్తున్నారు. అయినా మూడు నెలలు తిరక్కుండానే కార్ట్రిడ్జ్‌లు ఖాళీ. పైగా మీరు వాడని రంగు కూడా తరిగిపోతోంది. రీఫిల్ చేయించాలా, సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకు ప్రింటర్ కొనాలా, లేజర్‌కి మారిపోవాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. ఇవాళ్టి నుంచి గోడ స్విచ్ ముట్టుకోకండి. ప్రింటర్ మీదున్న పవర్ బటన్‌తోనే ఆపండి. వారానికోసారి అన్ని రంగులూ పడేలా ఒక పేజీ వేయండి. కొత్త ప్రింటర్ సంగతి ఆ తర్వాత చూద్దాం. మీ ఇంకులో పెద్ద వాటా కాగితం మీదికి రావడం లేదు, ప్రింటర్ అడుగున ఉన్న ప్యాడ్‌లోకి పోతోంది. డ్రాఫ్ట్ మోడ్ కాగితం దగ్గర పొదుపు చేస్తుంది. చిల్లు మరో చోట ఉంది.

నేను పద్నాలుగేళ్లుగా ప్రింటర్లు బాగుచేస్తున్నాను. ఈ పనిలో చేరిన కొత్తలో, ఇక పనికిరాదని వదిలేసిన ఒక ఇంక్‌జెట్‌ని విప్పి అడుగు భాగం ఊడదీశాను. లోపల దూదిపరుపు లాంటి మందపాటి ప్యాడ్, తడిసి ముద్దయి ఉంది. ఎత్తి చూస్తే నానిన కంబళి అంత బరువు. వారం రోజులు నా వేళ్లు నీలంగానే ఉన్నాయి. ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి కొన్న ఇంకు అక్కడ పోగుపడి ఉంది. దాన్నే వేస్ట్ ఇంకు ప్యాడ్ అంటారు. ఇంకును కాగితం మీద చిమ్మే భాగాన్ని, అంటే హెడ్‌ని, శుభ్రం చేసుకున్న ప్రతిసారీ ప్రింటర్ ఇంకును పీల్చి పారబోసేది అందులోకే.

ఎందుకు పారబోస్తుంది? ఇంకు బయటికి వచ్చే రంధ్రాలు, అంటే నాజిల్స్, వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. వాటికి గాలి తగిలితే కొస దగ్గర ఇంకు చిక్కబడి, పొర కట్టి, చివరికి గట్టిపడుతుంది. అందుకే పవర్ బటన్ నొక్కితే ప్రింటర్ వెంటనే ఆరిపోదు. గమనించే ఉంటారు, కాసేపు గరగరమంటుంది. ఆ కాసేపట్లో అది హెడ్‌ని ఒక చివరకు లాక్కెళ్లి రబ్బరు మూత మీద కూర్చోబెడుతుంది. కలానికి క్యాప్ పెట్టినట్టే. పని మధ్యలోనో, పని అయిన మరుక్షణమో గోడ దగ్గర కట్టేస్తే ఆ క్యాప్ పడకుండానే ఆగిపోయే ప్రమాదం ఉంది.

హెడ్ సరిగ్గా మూత మీదే ఉన్నా ఇంకో చిక్కుంది. కరెంటు పూర్తిగా పోయి వచ్చాక చాలా ప్రింటర్లకు తాము గంటసేపు ఆగామో, నెలరోజులు ఆగామో తెలియదు. ఎందుకైనా మంచిదని ఒకసారి కడుక్కుని మొదలెడతాయి. మీరు వారానికి రెండుసార్లు స్విచ్ వేస్తారనుకుంటే నెలకు ఎనిమిది కడుగుళ్లు. ఒక్కో కడుగుడులో అన్ని రంగులూ ఎంతో కొంత పోతాయి. వాడని రంగు ఎలా తరుగుతోందన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2013లో ప్రింటర్లను మీరు వాడినట్టే, రోజుల తరబడి ఖాళీగా ఉంచుతూ అప్పుడప్పుడు కొన్ని పేజీలు వేసి పరీక్షించింది. చాలా మోడళ్లలో సగం ఇంకు కూడా కాగితానికి చేరలేదని తేలింది. కార్ట్రిడ్జ్ పెట్టె మీద రాసే పేజీల లెక్క మాత్రం ఇలా రాదు. దానికి ఐఎస్ఓ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. నిర్ణీత నమూనా పేజీలను కార్ట్రిడ్జ్ అయిపోయేదాకా వరుసగా వేస్తూ పోతారు. మధ్యలో వారాల విరామం ఉండదు. అందుకే పెట్టె మీద 200 అని ఉన్నా మీకు 80 దగ్గరే ఆగిపోతుంది. పెట్టె మీద అంకె అబద్ధం కాదు, ఆ అంకె మీలాంటి వాడకానికి సరిపోదు, అంతే.

ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పే ఒకావిడ ప్రింటర్ రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది. "ఇంకు కారిపోతోంది, ఎక్కడో లీకుంది" అన్నారు. విప్పి చూస్తే లీకేమీ లేదు. కంప్యూటర్, ప్రింటర్ ఒకే పవర్ స్ట్రిప్ మీద ఉన్నాయి. రాత్రి కాగానే స్ట్రిప్ స్విచ్ నొక్కి పడుకుంటారు. ప్రింటర్ వైరును వేరే ప్లగ్‌కి మార్చమని చెప్పి పంపాను. మళ్లీ లీకు మాట ఎత్తలేదు.

అలాగని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలా అంటే, నా పద్ధతి చెబుతాను. వారానికి రెండు మూడుసార్లు వాడేవాళ్లయితే స్లీప్‌లో వదిలేయండి. ఇప్పటి చిన్న ప్రింటర్లు ఆ స్థితిలో ఒకటి రెండు వాట్లకు మించి తీసుకోవు. ఒక్క కడుగుడులో పోయే ఇంకు ముందు ఆ కరెంటు లెక్కలోకి రాదు. ఊరెళుతుంటే బటన్‌తో ఆపి, చప్పుడు పూర్తిగా ఆగాక, కావాలంటే అప్పుడు ప్లగ్ తీయండి.

వారానికోసారి పేజీ అన్నాను కదా, దానికి పెద్ద ఫొటో అక్కర్లేదు. మెనూలో ఉండే నాజిల్ చెక్ పేజీ చాలు. దానికి పట్టే ఇంకు చాలా తక్కువ. గీతలన్నీ తెగకుండా పడ్డాయా లేదా అన్నది కూడా అప్పుడే తెలిసిపోతుంది. చాలామంది తిరగేసి చేస్తారు. అక్షరం కాస్త పలచగా పడగానే హెడ్ క్లీనింగ్ నొక్కుతారు, బాగుపడకపోతే మళ్లీ నొక్కుతారు, ఆ కోపంలో ఐదారుసార్లు నొక్కుతారు. ముందు నాజిల్ చెక్, గీత తెగితేనే క్లీనింగ్, మళ్లీ చెక్. రెండుసార్లకి బాగుపడకపోతే ఆపేసి రాత్రంతా వదిలేయండి. ఎండిన ఇంకు తడికి మెత్తబడటానికి టైం పడుతుంది. నాలో ఓపిక లేని రోజుల్లో ఈ తప్పు నేనూ చేశాను. సగం ఉన్న కార్ట్రిడ్జ్‌ని ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేశాను. పొద్దున చూస్తే హెడ్ దానంతటదే తేరుకుంది. పవర్ క్లీనింగ్, డీప్ క్లీనింగ్ పేర్లతో ఉండే ఆప్షన్ అయితే ఇంకా ఎక్కువ తాగుతుంది. దాని జోలికి చివరిదాకా వెళ్లకండి.

ఇక రంగు తరగడానికి మిగతా సగం కారణం. కంప్యూటర్‌లో నలుపు రంగు అక్షరం కాగితం మీద నల్ల ఇంకుతోనే పడాలని లేదు. గ్రేస్కేల్ అని పెట్టినా చాలా ప్రింటర్లు మూడు రంగులు కలిపి బూడిద ఛాయలు తయారుచేస్తాయి. కొన్ని డ్రైవర్లలో, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, "నల్ల ఇంకు మాత్రమే" అని వేరే ఆప్షన్ ఉంటుంది. మీదాంట్లో ఉందేమో వెతకండి, అదే పెట్టండి. ఇంకా ముఖ్యమైనది పేపర్ టైప్. ఎప్పుడో ఫొటో వేసినప్పుడు గ్లాసీ అని ఎంచి, మార్చడం మర్చిపోతాం. వచనానికి వాడే నలుపు చాలా ప్రింటర్లలో పిగ్మెంట్ రకం (ద్రవంలో కరగని సన్నటి రంగు పొడి), అది నిగనిగలాడే కాగితానికి అంటుకోదు. అందుకని గ్లాసీ అని ఉంటే ప్రింటర్ ఆ నలుపును పక్కన పెట్టి రంగులతో నలుపు కలుపుతుంది. మామూలు కాగితం పెట్టి, మామూలు ఉత్తరం వేస్తున్నా సరే. ఒకసారి సెట్టింగ్స్ తెరిచి ప్లెయిన్ పేపర్ అని ఉందో లేదో చూసుకోండి.

డ్రాఫ్ట్ మోడ్ మీద నాకు అంత గొప్ప అభిప్రాయం లేదు. ఇంగ్లీషుకి ఫరవాలేదు. తెలుగులో చిన్న సైజు అక్షరాలకు డ్రాఫ్ట్ పెడితే ఒత్తులు, సుడులు కలిసిపోయి మచ్చల్లా పడతాయి. పన్నెండు పాయింట్ల లోపు అయితే క్ష ఏదో క్ష్మ ఏదో తెలియదు. మళ్లీ నార్మల్‌లో వేస్తాం. రెండుసార్లు వేసినదానికంటే మొదటిసారే నార్మల్‌లో వేసింది చవక. మీ కోసం చదువుకుని పారేసే కాగితాలకు డ్రాఫ్ట్ వాడండి, ఎవరికైనా ఇచ్చేవాటికి వద్దు.

ఫాంట్ల మాట కూడా అడుగుతుంటారు. విస్కాన్సిన్ గ్రీన్ బే విశ్వవిద్యాలయం 2010లో తమ ఈమెయిళ్లకు ఏరియల్ మానేసి సెంచరీ గోతిక్ పెట్టుకుంది, ఇంకు 30 శాతం దాకా తగ్గుతుందని. వేల పేజీలు వేసే చోట సరే. కానీ ఆ ఫాంట్ అక్షరాలు వెడల్పు, ఒక పేజీలో పట్టేది రెండో పేజీకి జారుతుంది. నెలకు ముప్ఫై పేజీలకు ఫాంట్ వెతుక్కోవడం శుద్ధ దండగ. తెలుగులో అయితే రామభద్ర లాంటి లావు ఫాంట్‌ని శీర్షికకే ఉంచి, లోపలి వచనానికి గౌతమి లాంటి సన్నటిది పెట్టుకుంటే చాలు.

ఫాంట్ కంటే పదిరెట్లు ఇంకు మింగేది, ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది: ఫోన్‌తో తీసిన కాగితాల ఫొటోలు. గుర్తింపు కార్డో, సర్టిఫికెట్టో, పిల్లల నోట్సో ఫోన్‌తో ఫొటో తీసి అలాగే ప్రింట్ ఇస్తారు. మన కంటికి ఆ కాగితం తెల్లగానే కనిపిస్తుంది. ఫొటోలో మాత్రం అది లేత బూడిద, ఒక మూల నీడ. ప్రింటర్ ఆ బూడిదనంతా చుక్కచుక్కగా నింపుతుంది. మామూలు వచనం ఉన్న పేజీలో ఇంకు పడే చోటు సుమారు 5 శాతం అనుకుంటే, అంచు నుంచి అంచు దాకా నిండిన పేజీకి ఇరవై రెట్లు. స్కానర్ యాప్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ పెడితే వెనకంతా తెల్లబడుతుంది. ప్రింటర్ మీద కాపీ తీసేటప్పుడు కూడా అంతే. ఫొటో మోడ్ కాకుండా టెక్స్ట్ మోడ్ పెట్టి, సాంద్రత ఒక మెట్టు తగ్గించండి. ముదురు రంగు నేపథ్యం ఉన్న స్లయిడ్లయితే ప్రింట్ పేజీలోనే ప్యూర్ బ్లాక్ అండ్ వైట్ అని ఎంచుకోవచ్చు. వెబ్ పేజీలకు బ్రౌజర్‌లో రీడర్ వ్యూ, బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ ఆఫ్. ఫొటోలు ఇంట్లో వేయకండి, ల్యాబ్‌లో వేయించుకోవడమే చవక. అవి ఎక్కువ కాలం నిలుస్తాయి కూడా.

ఇప్పుడు రీఫిల్. మీ కార్ట్రిడ్జ్ తీసి కింద చూడండి. రాగి రంగు గీతలున్న పట్టీ, అడుగున మెరిసే చిన్న పలక ఉంటే హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉన్నట్టు. 1984 నాటి హెచ్‌పీ థింక్‌జెట్ నుంచీ ఉన్న పద్ధతి ఇది, ఇంకుతో పాటు హెడ్‌నీ పారేయడం. మీ లాంటివాళ్లకు ఇదే నయం. రీఫిల్ వికటించినా పోయేది ఆ కార్ట్రిడ్జ్ ఒక్కటే. పలక లేకుండా ఉత్త డబ్బాలా ఉంటే హెడ్ ప్రింటర్‌లో శాశ్వతంగా ఉంటుంది. దాంట్లో నాసిరకం ఇంకు పోసి హెడ్ పూడ్చుకుంటే ప్రింటర్‌కే ఎసరు. ఇలాంటివి బాగుచేయడానికి అడిగే డబ్బు చెప్పగానే చాలామంది కొత్తది కొనుక్కుంటామని వెళ్లిపోతారు.

హెడ్ ఉన్న కార్ట్రిడ్జ్‌లో చుక్కను తోసేది వేడి. ఇంకు వెనకున్న బుల్లి రెసిస్టర్ రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టకుండా వేడెక్కి బుడగ పుట్టిస్తుంది, ఆ బుడగ చుక్కను బయటికి నెడుతుంది. రెసిస్టర్‌ను చల్లబరిచేది కూడా ఆ ఇంకే. కాబట్టి రీఫిల్ చేయాలనుకుంటే పూర్తిగా ఎండేదాకా వాడకండి. అక్షరాలు పలచబడగానే ఆపండి. ఎండు మీద కొట్టిన నాజిల్ కాలిపోతుంది, ఎన్ని మిల్లీలీటర్లు పోసినా తిరిగి రాదు. రీఫిల్ చేశాక గీతలు వస్తున్నాయని నా దగ్గరికొచ్చే కార్ట్రిడ్జ్‌ల్లో చాలావాటికి పోసిన చెయ్యిది తప్పు కాదు, పోయించడానికి తెచ్చేసరికే ఆలస్యమైంది.

చేతులారా పోసుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. లోపల స్పాంజి ఉంటుంది, సిరంజితో గబగబా నొక్కితే గాలి బుడగలు చిక్కుకుంటాయి. సూదిని అడుగుదాకా దించి, మెల్లగా పోస్తూ పైకి లాగండి. పైన ఇంకు తొంగిచూడగానే ఆపి కొంచెం వెనక్కి లాగేయండి. మూడు రంగులది అయితే ముందు ప్రతి రంధ్రంలో పళ్లపుల్ల పెట్టి ఏది ఏ రంగో చూసుకోండి, పెట్టె మీది బొమ్మను నమ్మకండి. పోశాక పలకను తడి టిష్యూ మీద ఆనించి తీయండి, రుద్దొద్దు. పిగ్మెంట్ ఉన్నదాంట్లో డై (ద్రవంలో కరిగిపోయే రంగు), డై ఉన్నదాంట్లో పిగ్మెంట్ కలపకూడదు. లోపల గడ్డకట్టే అవకాశం ఉంది. నాలుగైదు రీఫిల్స్ తర్వాత హెడ్ అరిగిపోతుంది, అప్పుడు కొత్తది కొనాల్సిందే.

కార్ట్రిడ్జ్ మీద ఉండే చిప్పుల గొడవ కూడా చెప్పాలి. ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ని గుర్తుపట్టేది వాటితోనే. అమెరికా సుప్రీంకోర్టు 2017లో ప్రింటర్ల కంపెనీ లెక్స్‌మార్క్ కేసులో, ఒకసారి అమ్మేసిన కార్ట్రిడ్జ్‌ని తిరిగి నింపకుండా పేటెంట్ హక్కుతో ఆపలేరని తీర్పిచ్చింది. తీర్పు తీర్పే, చిప్పు చిప్పే. బయటి చిప్ ఉన్న కార్ట్రిడ్జ్‌ని గుర్తుపట్టి ఆపేసే ఏర్పాటు కొన్ని ప్రింటర్లలో ఉంది. హెచ్‌పీ దాన్ని డైనమిక్ సెక్యూరిటీ అంటుంది. నిన్నటిదాకా పనిచేసిన కార్ట్రిడ్జ్ ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత పనిచేయకపోవచ్చు. బయటి కార్ట్రిడ్జ్ వాడేవాళ్లు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసుకుంటారు. అయితే భద్రతకు సంబంధించిన సవరణలు కూడా ఆ దారినే వస్తాయి, వైఫైలో ఉన్న ప్రింటర్‌కి అవీ అవసరమే. అసలు చిప్ ఉన్న ఒరిజినల్ కార్ట్రిడ్జ్‌నే నింపుకుంటే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. ఇంకు అయిపోయిందన్న సందేశం వస్తుంది, చాలావాటిలో వేయమని నొక్కితే వేస్తుంది. ఆ సందేశం చాలా ప్రింటర్లలో చుక్కలు లెక్కపెట్టి చెప్పేదే, లోపలికి తొంగిచూసి చెప్పేది కాదు. ఇంకు తక్కువుందని స్క్రీన్ మీద రాగానే కార్ట్రిడ్జ్ మార్చేయకండి. కొత్తది తెచ్చి పక్కన పెట్టుకోండి, పాతది పలచబడేదాకా నడపండి.

కొత్త ప్రింటర్ కొనాలా అన్నదానికి లెక్క వేసి చూద్దాం. ట్యాంకు ప్రింటర్లలో పోసే ఎప్సన్ 003 నల్ల ఇంకు సీసానే ఉదాహరణగా తీసుకోండి: 65 మిల్లీలీటర్లు, 4,500 పేజీలు. మీ ముప్ఫై పేజీల లెక్కన 150 నెలలు, అంటే పన్నెండున్నరేళ్లు. అంతకాలం ఆ ఇంకూ ఉండదు, ఆ ప్రింటర్ కూడా ఉండదు. ట్యాంకులో పేజీ ఖర్చు చాలా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ హెడ్ ఎండటమనే జబ్బు దానికీ ఉంది, దానికీ వారం వారం పేజీ వేయాల్సిందే. నా కొండగుర్తు ఏంటంటే, నెలకు నూరు దాటి, అందులో రంగు బాగా ఉంటే ట్యాంకు. అంతకు తక్కువైతే కొనేటప్పుడు పెట్టిన అదనపు డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

రంగు లేకపోయినా ఫరవాలేదనుకుంటే నలుపు లేజర్ మీకు సరిగ్గా సరిపోతుంది. టోనర్ పొడి, ఎండేది కాదు. రెండు నెలలు ముట్టుకోకుండా వేసినా మొదటి పేజీ శుభ్రంగా పడుతుంది, కడుగుళ్లుండవు. వెయ్యి పేజీల టోనర్ మీకు రెండున్నరేళ్లు దాటి వస్తుంది. కొత్త ప్రింటర్‌తో వచ్చే టోనర్‌ని చాలాసార్లు సగం సగం నింపి ఇస్తారు, అది మాత్రం గుర్తుంచుకోండి. డ్రమ్ (టోనర్‌ని కాగితం మీదికి చేర్చే రోలర్) వేరుగా ఉండే మోడల్ అయితే దాని ధర కూడా కనుక్కుని కొనండి.

ఎక్కువ ఇంకు పట్టే ఎక్స్‌ఎల్ కార్ట్రిడ్జ్ చవక కదా అంటారు. పేజీ లెక్కన చవకే. కానీ తెరిచిన కార్ట్రిడ్జ్‌ని ఆరు నెలల్లో వాడేయడం మంచిది, ఆ ఆరు నెలల్లో మీరు వేసేది 180 పేజీలు. మామూలు సైజే మీకు చాలు. డిస్కౌంట్ ఉందని నాలుగు కొని అల్మరాలో పెట్టుకోకండి, వాటి మీద గడువు తేదీ ఉంటుంది. నెలకు ఇన్ని పేజీలని చందా కట్టే పథకాల్లో కూడా, చందా ఆపగానే వాళ్లు పంపిన కార్ట్రిడ్జ్ ఇంకు ఉండగానే ఆగిపోయేవి ఉన్నాయి. చేరేముందు ఆ షరతు చదవండి.

మీరు మొదట చేయాల్సింది ఇది. కొత్త కార్ట్రిడ్జ్ వేసిన రోజు ఇంకు మట్టం చూపించే స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. బటన్‌తో ఆపుతూ, ప్లెయిన్ పేపర్ పెట్టి, వారానికొక నాజిల్ చెక్ వేస్తూ నెలరోజులు నడపండి. నెల చివర మళ్లీ ఫొటో. రంగు మట్టం దాదాపు కదలకపోతే మీ ప్రింటర్‌కి ఏ జబ్బూ లేదు, దాన్నే వాడుకోండి. అప్పటికీ రంగు దిగిపోతుంటే మోడల్ నంబరు, ఆ రెండు ఫొటోలు పెట్టండి. మూత రబ్బరు అరిగిందా, లేక ఆ మోడల్ స్వభావమే అంతా అన్నది చూసి చెబుతాను.